నాలుగింటిలో ఒకటి లేకపోతే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, భీష్మ ఏకాదశి తీర్థం మరునాడు చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన వాళ్ళలో డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు, పదెకరాల కొబ్బరితోటను అప్పు లేకుండా నిలబెట్టుకున్న రైతు కూడా ఉన్నాడు. వాళ్ళు చెప్పుకోదగిన సంగతులు చెప్పారు. కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "నువ్వు అమెరికాలో ఆదివారాలు తూటాలు తయారు చేస్తావట కదా, దాని గురించి మాట్లాడు" అన్నారు. బడి సభలో తూటాల గురించి ఏం మాట్లాడతానండీ అన్నాను. "ఇంజనీరు ఉద్యోగం గురించి చెబితే జనం భోజనాలకు లేస్తారు, ఇదైతే కూర్చుంటారు" అన్నారు. ఆయన మాట నిజమో కాదో ఇప్పుడు తేలుతుంది.

ముందే ఒక మాట చెప్పాలి. తుపాకీ గొప్పదని చెప్పడానికి నేను రాలేదు. నేను కాల్చేది కాగితాన్ని. ఇరవై అయిదు గజాల దూరంలో నల్లటి గుండ్రం గీసిన కాగితం పెట్టి, ఊపిరి బిగబట్టి, దాని నడిమధ్యకు కొట్టే ప్రయత్నం చేస్తాను. నలభై ఏళ్ళ క్రితం ఇదే ఊరి కుర్రాడిగా ఎన్.సి.సి. క్యాంపుకు వెళ్ళినప్పుడు అంటుకున్న సరదా అది. ఒక్కొక్కరికి అయిదు తూటాలు ఇచ్చేవారు. పాయింట్ టూ టూ రైఫిలు. కాల్చడం అయిపోయాక ఖాళీ ఖోకాలు లెక్కపెట్టేవారు. ఒక రోజు ఒక్క ఖోకా తక్కువైంది. ముప్ఫయ్యేడు మందిమి ఎండలో మోకాళ్ళ మీద గడ్డి వెతికాం. అది దొరికేదాకా అన్నాలు లేవు. చివరికి మా వాడొకడి బూటు మడతలో దొరికింది. తూటా అనేది లెక్క ఉన్న వస్తువు అని ఆ రోజు తెలిసింది. ఆ లెక్క నేనే ఎలా మర్చిపోయానో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు ఈ పని ఏమిటో చెబుతాను. తూటాలో నాలుగే వస్తువులు ఉంటాయి. ఒకటి ఇత్తడి గొట్టం. రెండు, దాని అడుగున చిన్న టోపీలాంటి ప్రైమరు. తుపాకీ సూది దాన్ని కొడితే నిప్పురవ్వ పుడుతుంది. మూడు, లోపలి మందు. నాలుగు, ముందుకు పోయే సీసపు గుండు. పేల్చాక మందు కాలిపోతుంది, గుండు వెళ్ళిపోతుంది, ప్రైమరు పాడవుతుంది. ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. దాన్ని ఏరి, కడిగి, పగుళ్ళు చూసి, చేతిమిషనులో నొక్కి మళ్ళీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, కొత్త మందు, కొత్త గుండు పెడితే మళ్ళీ తూటా అవుతుంది. జాగ్రత్తగా వాడుకుంటే ఒక గొట్టం చాలాసార్లు పనికొస్తుంది. దీన్ని అక్కడ రీలోడింగ్ అంటారు. కొన్నదానికంటే చవక. పైగా ప్రతి తూటాలో మందు ఒకే తూకంలో ఉంటుంది కనుక గురి కుదురుతుంది.

ఇది మనకు మరీ కొత్త పనేమీ కాదు. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దీపావళికి పదిహేను రోజుల ముందు నుంచీ మన అరుగుల మీద ఏం జరిగేది? సూరేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు. మతాబా గొట్టాలు చుట్టేవాళ్ళు, చిచ్చుబుడ్లు కూరేవాళ్ళు, సిసింద్రీలు ఎండబెట్టేవాళ్ళు. పెద్దవాళ్ళు మందు దగ్గరకు మనల్ని రానిచ్చేవారు కాదు, గొట్టాలు చుట్టడమే మన పని. ఒక ఏడాది సూరేకారం సరిగ్గా దొరకలేదు. మా వీధిలో ఒకాయన ఏమవుతుందిలే అని ఇంట్లో ఉన్న మరో మందు కలిపాడు. దీపావళి ఇంకా నాలుగు రోజులుండగానే ఆయన చెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. మందుతో చెలగాటం ఎంత దూరం పోతుందో మన జిల్లా చాలాసార్లు చూసింది. 2014 అక్టోబరులో దీపావళికి ముందు వాకతిప్పలో బాణసంచా కేంద్రం పేలినప్పుడు పోయిన ప్రాణాలు మీకు గుర్తే. కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం ఇంటికి రాలేదు.

ఇక్కడి పిల్లలకు ఒక మాట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. 1959 నాటి ఆయుధాల చట్టం ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. నేను ఉంటున్న టెక్సస్‌లో సొంత వాడకానికి చేసుకోవడం చట్టబద్ధం. అందుకే అక్కడ చేస్తాను. ఇక్కడికి వచ్చినప్పుడు జేబులో ఖాళీ గొట్టం కూడా ఉండదు.

ఇప్పుడు కొరత సంగతికి వస్తాను.

నేను ఈ పని మొదలుపెట్టింది 2009లో. అప్పటి నుంచి కొట్లో అరలు ఖాళీ కావడం నాకు తెలిసి మూడుసార్లు జరిగింది. మొదటిది 2013. దాని వెనక ఉన్న కారణం చెప్పడానికి నోరు రాదు, కానీ బడిలో నిలబడి దాన్ని దాటవేయడం తప్పు. 2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రంలో శాండీ హుక్ అనే ప్రాథమిక పాఠశాలలో ఒక దుండగుడు 20 మంది పసిపిల్లలను, ఆరుగురు సిబ్బందిని కాల్చి చంపాడు. దేశం ఏడ్చింది. తుపాకుల చట్టాలు గట్టిపడతాయని మాట వచ్చింది. ఆ మాట విని, రేపు దొరకవేమోనని లక్షలమంది తుపాకుల కొట్లకు పరిగెత్తారు. నెలల తరబడి పాయింట్ టూ టూ తూటా కూడా దొరకలేదు. పిల్లలు పోయిన వార్త, కొట్టు ముందు వరస, రెండూ ఒకే టీవీలో ఒకే రోజు చూశాను. ఆ వరసలో నేను లేను. అప్పుడు లేను.

రెండోది 2020. కరోనా వచ్చింది, ఊళ్ళలో అల్లర్లు జరిగాయి, ఎన్నికలు వచ్చాయి. మూడు భయాలు ఒకే ఏడాదిలో కలిశాయి. అక్కడ తుపాకీ కొనేవాళ్ళ పూర్వాపరాలు ఎఫ్.బి.ఐ. ద్వారా తనిఖీ చేస్తారు. 2019లో అలాంటి తనిఖీలు 2 కోట్ల 84 లక్షలు జరిగితే, 2020లో 3 కోట్ల 97 లక్షలు జరిగాయి. కొత్తగా తుపాకీ కొన్నవాడు దాంతోపాటు నాలుగు డబ్బాల తూటాలు కూడా కొంటాడు కదా. కంపెనీలు ఉన్న ప్రైమర్లన్నీ ముందు తాము తయారుచేసే తూటాలలో పెట్టుకున్నాయి. నాలాంటి చేతిపనివాడికి విడిగా అమ్మడానికి ఏమీ మిగల్లేదు.

నా బల్ల మీద ఇత్తడి గొట్టాలు వేలున్నాయి. మందు రెండు డబ్బాలుంది. గుండ్లున్నాయి. కందిగింజంత ప్రైమరు లేదు. నాలుగింటిలో ఒకటి లేకపోతే మిగతా మూడూ ఇనపసామానే. గొట్టం తుడుచుకుని మళ్ళీ వాడొచ్చు, గుండును కొందరు సీసం కరిగించి సొంతంగా పోసుకుంటారు. ప్రైమరు మాత్రం ఇంట్లో చేసుకునే వస్తువు కాదు. అందులో ఉండేది దెబ్బ తగిలితే పేలే రసాయనం. ఫ్యాక్టరీలో కూడా దాన్ని తడిగా ఉండగానే, బాగా చెయ్యి తిరిగినవాళ్ళు నింపుతారు.

మరి ఫ్యాక్టరీలు ఇంకా ఎక్కువ చెయ్యొచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అమెరికాలో ప్రైమర్లకు పెద్ద పేర్లు నాలుగే. ఐడహోలో సి.సి.ఐ., మిన్నెసోటాలో ఫెడరల్, ఆర్కన్సాస్‌లో రెమింగ్టన్, ఇంకొకటి వించెస్టర్. వీటిలో రెమింగ్టన్ 2018లో ఒకసారి, మళ్ళీ సరిగ్గా ఈ కొరత కాలంలోనే 2020 జూలైలో రెండోసారి దివాలా పిటిషను వేసింది. జనం డబ్బు పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో ఫ్యాక్టరీ చతికిలపడింది. దాని తూటాల విభాగాన్ని సి.సి.ఐ., ఫెడరల్ యజమాని అయిన విస్టా అవుట్‌డోర్ కంపెనీయే 8 కోట్ల 14 లక్షల డాలర్లకు కొనుక్కుంది. ఆ మూడింటినీ కలిపి 2024 నవంబరులో చెక్ దేశపు కంపెనీ ఒకటి కొన్నది. అంటే పేర్లు నాలుగు, యజమానులు ఇద్దరు. భయం ఉన్నన్నాళ్ళు గిరాకీ, భయం తగ్గగానే సరుకు కదలదు. 2017, 2018 సంవత్సరాలలో అలాగే జరిగింది. అందుకని భయాన్ని నమ్ముకుని కొత్త మిషన్లు పెట్టడానికి వాళ్ళు వెనకాడతారు. మన దగ్గర రొయ్యల ధర ఒక ఏడాది చూసి చెరువు తవ్వి, మరుసటి ఏడాది తల పట్టుకున్నవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

మూడోది మందు కొరత. ఇది మరీ విచిత్రం. ఇప్పటి తుపాకీ మందు మన చిచ్చుబుడ్డి మందులాంటి నల్లమందు కాదు. పొగలేని మందు. దానికి మూలం పత్తి. పత్తి తీసేశాక గింజకు అంటుకుని పొట్టి నూగు ఉంటుంది. లింటర్ అంటారు, గుంటూరు వాళ్ళకు బాగా తెలుసు. దాన్ని ఆమ్లాలతో చర్య జరిపిస్తే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు, 1884లో ఫ్రాన్సులో వియేల్ దాన్ని తుపాకీకి పనికొచ్చేలా మలిచాడు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకు గిరాకీ పెరిగింది. ఒక్క పెద్ద ఫిరంగి గుండును విసరడానికి మందు కిలోల లెక్కన కావాలి. నా పిస్తోలు తూటాకు పట్టేది రెండు మూడు గురిగింజల ఎత్తు. ఆ రెండింటికీ మూలం ఒకే పత్తి నూగు. ఎవరికి ముందు ఇస్తారో వేరే చెప్పాలా? 2024లో అల్లయంట్ అనే పాత పేరున్న కంపెనీ మాలాంటివాళ్ళకు అమ్మే మందు పంపడం కొన్నాళ్ళు ఆపేసింది. 2024 డిసెంబరులో చైనా యాంటిమనీ అనే లోహాన్ని అమెరికాకు పంపడం నిషేధించింది. సంప్రదాయంగా సుర్మా అని చెప్పుకునే రాయి దీని ఖనిజమే. సీసపు గుండు గట్టిపడటానికి అది కావాలి, ప్రైమరులోకీ కావాలి. హ్యూస్టన్ పక్కన ఒక గ్యారేజీలో బల్ల ముందు కూర్చున్న అంతర్వేదివాడి ఆదివారం సరదాకు ఉక్రెయిన్, చైనా, పత్తి చేను, దివాలా కోర్టు అన్నీ ముడిపడి ఉన్నాయన్నమాట.

మన దేశంలో ఆటగాళ్ళ పరిస్థితి ఇంకా సున్నితం. పాయింట్ టూ టూ తూటాకు మందు అంటించే రసాయనం దాని అంచులోనే ఉంటుంది కనుక దాన్ని మళ్ళీ నింపడం కుదరదు. పోటీలకు వాడే మంచిరకం తూటాలు ఇంగ్లండులో ఎలీ, జర్మనీలో ఆర్.డబ్ల్యు.ఎస్. లాంటి కంపెనీల నుంచి రావాలి. అక్కడ ఆగితే ఇక్కడ ఆగుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. దానికి మందు అక్కర్లేదు, గాలి చాలు. షూటింగ్ నేర్చుకోవాలనుకునే పిల్లలు దానితోనే మొదలుపెడతారు. మందు లేదు కనుక మందు కొరత లేదు.

ఇక నా సంగతి.

2020 మార్చిలో వెయ్యి ప్రైమర్లు ముప్ఫయి, నలభై డాలర్లు. ఆ ఏడాది చివరికి ఎనభై, వంద పెట్టినా దొరకలేదు. చేతులు మారే చోట ఇంకా ఎక్కువ. నేను ఏడాదికి కాల్చేది రెండు వేలు. అయినా ఏప్రిల్‌లో ఒక కొట్లో వస్తున్నాయని తెలిసి తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్ళి నిలబడ్డాను. ఈసారి వరసలో నేనూ ఉన్నాను. మనిషికి వెయ్యి అన్నారు. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాను. ఇంకో ఊళ్ళో ఉన్నాయంటే రెండు గంటలు కారు నడుపుకుంటూ పోయాను. నాకు కావలసిన రకం కాకపోయినా కొన్నాను, మార్చుకోవచ్చు కదా అని. ఆగస్టు వచ్చేసరికి అలమరలో పద్నాలుగు వేలున్నాయి. ఏడేళ్ళకు సరిపడా.

ఒక రాత్రి మా ఆవిడ అలమర తెరిచి చూసింది. "ఇవన్నీ ఏమిటండీ?" అంది. ధరలు ఎలా ఉన్నాయో చెప్పాను. "ధర అడగలేదు. ఇవి పేలేవే కదా, ఇంట్లో పిల్లలున్నారు" అంది. అప్పుడు నియమం గుర్తొచ్చింది. అక్కడి అగ్నిమాపక ప్రమాణం ప్రకారం ఇంట్లో పది వేలకు మించి ప్రైమర్లు ఉంచకూడదు. ఆ నియమం నాకు పదేళ్ళ నుంచీ తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి. ఒక్క ఖోకా కోసం ఎండలో గడ్డి వెతికినవాణ్ణి, ఇంట్లో ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవడం మానేశాను.

అదే నెలలో ఇంకొకటి జరిగింది. మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఎనిమిది. జీవితమంతా లేతు మిషను మీద పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయారు. ఈ పని నాకు నేర్పింది ఆయనే. గురువారం, ఆదివారం ఠంచనుగా వచ్చేవారు. ఆయన రావడం మానేశారు. కరోనా కదా అని అనుకున్నాం. నేను ఫోన్ చేస్తే, "జబ్బేమీ లేదు, ప్రైమర్లు అయిపోయాయి. వంద డాలర్లు పెట్టి కొనే పెన్షను కాదు నాది. ఊరికే వచ్చి మీరు కాలుస్తుంటే చూడటం బాగోదు" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను ఫోను పట్టుకుని అలమర వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన వాడేదీ నా దగ్గరున్నదీ ఒకే రకం.

ఆ రాత్రి ఒక కాగితం మీద లెక్క వేశాను. మా క్లబ్బులో వందమందిమి అనుకోండి. తలా ఏడాదికి వెయ్యి వాడతాం. కొట్టుకు లక్ష వస్తాయి. ఎవరికీ లోటు లేదు. ఒక పుకారు వచ్చింది. అందరూ మూడేసి వేలు కొనాలనుకున్నారు. అదే లక్ష వచ్చింది, ఒక్కటి కూడా తగ్గలేదు. కానీ ముందు వెళ్ళిన ముప్ఫై ముగ్గురితో అయిపోయింది. మిగతా అరవై ఏడుగురికి లేవు. ఇప్పుడు ఆ అరవై ఏడుగురు ఈసారి దొరికితే అయిదు వేలు కొనాలని ఒట్టు పెట్టుకుంటారు. ఫ్యాక్టరీ రోజూ నడుస్తూనే ఉంది, సరుకు మాత్రం ఏడాదిపాటు కనబడదు. దివాలా, యుద్ధం, చైనా, ఇవన్నీ నిజమే. నేనే వాటి గురించి ఇంతసేపు చెప్పాను. కానీ కొరతలో ఒక పాలు నా అలమరలోనే ఉంది. దాని గురించి మాత్రం నేను ఎవరినీ తిట్టలేను.

నాకు అప్పుడు 1996 గుర్తొచ్చింది. మీకూ ఎప్పుడూ గుర్తుండే తారీఖే. నవంబరు 6 రాత్రి. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. రెండు రోజులకు గానీ ఊరు చేరలేకపోయాను. దారి పొడుగునా కొబ్బరిచెట్లు నేలకు పడుకుని ఉన్నాయి. కోనసీమలో వెయ్యి గడపల దుఃఖం అది. కరెంటు లేదు. కిరసనాయిలు లేదు. మా వీధి కిరాణాకొట్టులో రెండు పెట్టెల కొవ్వొత్తులు మిగిలాయి. కొట్టాయన ఒక పాత నోటుబుక్కు తీసి ఇంటి పేర్లు రాసుకుని, ఇంటికి రెండు కొవ్వొత్తులు, ఒక అగ్గిపెట్టె, మామూలు ధరకే ఇచ్చాడు. ఒకాయన పది రూపాయలు ఎక్కువ ఇస్తాను మొత్తం పెట్టె ఇమ్మన్నాడు. కొట్టాయన తల ఎత్తకుండానే, "చీకటి మీ ఇంట్లోనే పడిందా అండీ?" అన్నాడు. మా నాన్నగారు ఆ మాట చెప్పి చెప్పి నవ్వేవారు. ఆ రెండు కొవ్వొత్తుల్లో ఒకటి మా అమ్మ పక్కింటి బాలింతకు ఇచ్చింది.

ఆ ఆదివారం నాలుగు వేల ప్రైమర్లు పెద్దాయన ఇంటికి పట్టుకెళ్ళాను. ఊరికే ఇస్తే పుచ్చుకోరు. నేను కొన్న ధర, వెయ్యికి ముప్ఫై అయిదు డాలర్లు అని చెప్పాను. చివర కొన్నవి అంతకు రెండింతలైన మాట చెప్పలేదు. ఆయన డబ్బాలు చూసి, నన్ను చూసి, "ఇవి నీ దగ్గర ఎప్పటి నుంచి ఉన్నాయి?" అని ఒక్కటే అడిగారు. ఏప్రిల్ నుంచి అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళి చెక్కు రాసి తెచ్చారు. ఆయన ఏదైనా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మిగతావి క్లబ్బులో పేర్లు రాసి పంచాం, తలా అయిదువందలు, కొన్న ధరకే. నా దగ్గర రెండు వేలు ఉంచుకున్నాను. ఆ తరువాత మా క్లబ్బులో ఒక పుస్తకం పెట్టాం. ఎవరికి సరుకు దొరికినా అందులో రాస్తారు, లేనివాడు ముందు. 2024లో మందు కొరత వచ్చినప్పుడు ఆ పుస్తకమే మమ్మల్ని కాపాడింది. కాల్చడం సగానికి తగ్గింది గానీ ఎవరూ మానుకోలేదు. పెద్దాయన ఇప్పటికీ గురువారం వస్తున్నారు.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. కొరతలో ఆశ ఒక ప్రమాదమైతే, ఉజ్జాయింపు రెండో ప్రమాదం. మందు దొరకని రోజుల్లో ఒక రాత్రి గ్యారేజీ వెనక ఒక సీసా కనిపించింది. సగం మందుంది. పైన చీటీ ఊడిపోయింది. రంగు చూస్తే నేను వాడే మందులాగే ఉంది. రేకులు కూడా అలాగే ఉన్నాయి. కానీ రెండు మందులు చూడటానికి ఒకేలా ఉండి, ఒకటి నెమ్మదిగా, ఒకటి ఒక్కసారిగా మండొచ్చు. రెండోదైతే తుపాకీ చేతిలోనే పగులుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆ సీసా చేతిలో పట్టుకుని పది నిమిషాలు ఆలోచించాను. కొరత మనిషిని అంత తెలివితక్కువవాణ్ణి చేస్తుంది.

అప్పుడు నాకు వినిపించింది ఈ బడి ల్యాబు. మన సైన్సు మాస్టారు, ఇప్పుడు లేరు, ల్యాబులో చీటీ లేని సీసా కనిపిస్తే వాసన కూడా చూడనిచ్చేవారు కాదు. లోపల ఉన్నది మంచినీళ్ళే అని మనం ప్రమాణం చేసినా సరే, పారబోయించి, సీసా కడిగించేవారు. మాకు నవ్వుగా ఉండేది. నేను ఆ మందును పెరట్లో గడ్డి మీద పల్చగా చల్లేశాను. నా కుడిచెయ్యి ఈ రోజు మైకు పట్టుకుందంటే అందులో మాస్టారి పాలు ఉంది. ఈ మాట ఆయన ఉండగా వచ్చి చెప్పాల్సింది.

తూచడం కూడా ఆయనే నేర్పారు. రెండు పళ్ళేల తక్కెడ, గాజుపెట్టె లోపల. తలుపు మూసి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి. చిన్న తూకపురాళ్ళను చేత్తో ముట్టుకోకూడదు, చిమటాతోనే తియ్యాలి. అమెరికాలో తుపాకీ మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గింజ. ఒక గ్రాముకు పదిహేను గ్రెయిన్ల పైన వస్తాయి. కంసాలి గురిగింజతో బంగారం తూచినట్టే. అందులో పదో వంతు తేడా కూడా చూసుకోవాలి. ఆ ఓపిక నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. ఇక్కడే, ఆ కిటికీ పక్కన వచ్చింది.

నిన్న ల్యాబుకు వెళ్ళి చూశాను. ఆ గాజుపెట్టె ఉంది. తక్కెడ ముల్లు విరిగిపోయింది. తూకపురాళ్ళ పెట్టెలో పదింటికి ఆరే ఉన్నాయి. నాలుగు లేకపోతే ఆ ఆరూ ఎందుకూ పనికిరావు. నా బల్ల మీది గొట్టాలు, గుండ్లు గుర్తొచ్చాయి. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. ఈ సంవత్సరం పదో తరగతి పిల్లలకు సరిపడా కొత్త తక్కెళ్ళు, పూర్తి తూకపురాళ్ళ పెట్టెలు మా బ్యాచ్ తరఫున ఇస్తాం. ఒక షరతు. వాటిని గాజుపెట్టెలో పెట్టి తాళం వెయ్యకండి. పిల్లలచేత ముట్టించండి. పోతే మళ్ళీ కొందాం. రాయి పోయిందని భయపడి పెట్టె దాచేస్తే అది నా అలమర కథే అవుతుంది.

వెనక బెంచీల పిల్లలూ, మీకు నేను తూటాలు చేయడం నేర్పలేదు, నేర్పను కూడా. లెక్క పెట్టడం, తూచడం, చీటీ చూడడం ఈ మూడూ ఈ బడిలో దొరుకుతాయి. వాటికి ఏ దేశం నుంచీ దిగుమతి అక్కర్లేదు.

భోజనాల దగ్గర పనసపొట్టు కూర వాసన ఇప్పటికే వస్తోంది. మీరు ఇంకా కూర్చున్నారంటే కార్యదర్శి గారి మాట నిజమే.